పాత చిరునామాలో గాలి

కిందటి నెల మా పాత గ్యారేజీ వాళ్ళు నన్ను ఉపన్యాసానికి పిలిచారు. పనిలో కొత్తగా చేరిన మెకానిక్కులకు సెన్సర్ల బండ్ల గురించి నాలుగు మాటలు చెప్పాలట. ముప్పై నాలుగేళ్ళు బండ్ల కింద పడుకుని పైకి చూసినవాణ్ణి. ఒక్కసారి నిలబడి మనుషుల మొహాలు చూస్తూ మాట్లాడే అవకాశం వచ్చింది. నేను వెళ్ళలేదు. ముసలాడికి పొగరు అనుకున్నారట. పొగరు కాదు నాయనలారా, ఎందుకు వెళ్ళలేదో చివర్లో చెబుతాను. ముందు, వెళ్ళి ఉంటే ఏం చెప్పేవాణ్ణో వినండి.

మా గ్యారేజీ సూరత్‌లో, పాండేసరా దాటాక. నా కాపురం అక్కడికి దగ్గర్లోని వడోద్‌లో. మా నాన్న కరీంనగర్ వైపు నుంచి మగ్గం పనికి వచ్చినవాడు. నాకు దారాల కంటే నట్లూ బోల్టులే బాగా ఒంటబట్టాయి. ఇక్కడ పెద్ద మెకానిక్కును ఉస్తాద్ అంటారు. నేను బ్రేకుల ఉస్తాద్‌ని. బ్రేకు వేసినప్పుడు వచ్చే చప్పుడు విని, ప్యాడ్లు ఇంకా ఎన్ని నెలలు వస్తాయో చెప్పేసేవాణ్ణి. చెప్పింది ఎప్పుడూ నిజమవలేదు గానీ, ఎవరూ గుర్తుపెట్టుకోకపోవడం వల్ల నా పరువు అలాగే నిలిచింది.

మా గ్యారేజీ యజమాని శేఠ్ గుజరాతీ. మనసు మంచిది, పట్టుదల మొండిది. ఎప్పుడో ఒక మెకానిక్కు దయతలచి, ఎవరూ అడక్కుండానే ఒక బండి హారన్ బాగుచేశాడట. ఆ బండాయన మర్నాడు వచ్చి, నా హారన్ గొంతు మార్చేశారు, మా కుక్క నన్ను గుర్తుపట్టడం లేదు అని గొడవ చేశాడట. ఆనాటి నుంచి శేఠ్ గేటు పైన కమానుకు ఒక చెక్క బోర్డు పెట్టించాడు. జాబ్ కార్డులో రాయని పని ముట్టుకోరాదు అని దాని మీద గుజరాతీలో రాసి ఉంటుంది. నాలుగు మూలల్లో నాలుగు మేకులు, శేఠ్ స్వయంగా కొట్టినవి. జాబ్ కార్డంటే బండి రాగానే దాని రోగాలు రాసే కాగితం. అందులో ఎడమ అద్దం అని ఉంటే, కుడి అద్దం ఊడి నేల మీద పడినా మేము దాటుకుని పోవాల్సిందే.

నాలుగేళ్ళ కిందట, వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో, ఒక డాక్టరమ్మ పెద్ద ఎస్‌యూవీ వేసుకుని వచ్చింది. కృష్ణా జిల్లా వైపు మనిషి. సూరత్‌లోనే ఆల్థాన్‌లో ఉంటుంది, వారానికి మూడు రోజులు ఊరి బయట సచిన్ అనే ఫ్యాక్టరీల పేటలో క్లినిక్కుకు వెళుతుంది. నా నోట తెలుగు వినగానే ఆవిడ మొహం వెలిగిపోయింది.

"అమ్మయ్య! నా బండి బాధ తెలుగులో చెప్పుకోవచ్చన్నమాట. బ్రేకు తొక్కితే కీచుమంటోందండీ. తెర మీద ఏదో లైటు కూడా వెలుగుతోంది."

"ప్యాడ్లు అరిగినయ్ డాక్టరమ్మా. సాయంత్రానికి కొత్తయి ఏసిస్త, నువ్వేం ఫికర్ చెయ్యకు."

ఆ బండ్లలో అరిగిపోయానని ప్యాడే చెబుతుంది. దాని లోపల సన్నటి తీగ ఉంటుంది, అరుగుదల అక్కడిదాకా వస్తే తీగ తెగి లైటు వెలుగుతుంది. వెనక బ్రేకులు ఇంకా పెద్ద మనుషులు. వాటికి హ్యాండ్ బ్రేకు తీగ ఉండదు, చిన్న మోటరు ఉంటుంది. స్కానర్ మిషన్ తగిలించి, రిపేరు చేస్తున్నాం, పట్టు వదలమని చెబితే తప్ప వదలవు. బలవంతం చేశారా, మోటరు విరుగుతుంది. ఆ మిషన్ మా ఎలక్ట్రీషియన్ దగ్గర ఉండేది. సిరిసిల్ల వైపువాడు, నన్ను అన్నా అనేవాడు. మిషన్‌ని చంటిపిల్లలా చంకన వేసుకుని తిరిగేవాడు, ఎవరికీ ఇచ్చేవాడు కాదు. అతను వెనక బ్రేకుల చేత పట్టు వదిలించి చాయ్‌కి పోయాడు. నేను నాలుగు చక్రాలకూ కొత్త ప్యాడ్లు వేశాను. నిజం చెబుతున్నాను, అంత చక్కటి పని నేను మళ్ళీ చేయలేదు.

అక్కడితో ఆగి ఉంటే ఈ కథ లేదు. చక్రాలు నాలుగూ ఊడి నేల మీద ఉన్నాయి. ముందు టైర్లు అంచుల్లో అరిగాయి, వెనకవి బాగున్నాయి. ఎలాగూ బిగించాలి కదా, ముందువి వెనక్కీ వెనకవి ముందుకీ వేస్తే పాపం ఇంకో ఏడాది నడుస్తాయి. జాబ్ కార్డులో బ్రేకులు అని తప్ప ఇంకో మాట లేదు. శేఠ్ భోజనానికి పోయాడు. మన భాష మాట్లాడే మనిషి, ఈ మాత్రం చేయకపోతే ఎలా అనుకున్నాను. ముందువి వెనక, వెనకవి ముందు బిగించేశాను. ఎవరికీ చెప్పలేదు. దొంగతనంగా పుణ్యం చేసినవాణ్ణి బహుశా ఆ వీధిలో నేనొక్కణ్ణే.

సాయంత్రం బండి గేటు దాటుతుంటే టిక్కున ఏదో ఎగిరిన చప్పుడైంది. రాయనుకున్నాను. మర్నాటి నుంచి గేటు మీది బోర్డు ఒక పక్కకి వాలింది. ఒక పై మూల మేకు ఊడిపోయింది. శేఠ్ మెడ వంచి దాన్ని చదివేవాడు, మేమూ మెడ వంచి చదివేవాళ్ళం. దాన్ని ఎవరూ సరిచేయలేదు. అది ఎవరి జాబ్ కార్డులోనూ లేదు.

వారం తిరక్కుండా డాక్టరమ్మ వచ్చింది. తెర మీద బండి బొమ్మ ఉంటుంది కదా, అందులో ముందు ఎడమ చక్రం ఎర్రగా మెరుస్తోంది. గాలి తక్కువ అని అర్థం, ప్రతి టైరులోనూ గాలి కొలిచే సెన్సర్ ఒకటి ఉండి తెరకు చెబుతుంది. జాబ్ కార్డు మీద ముందు ఎడమ టైరు అని రాశారు. నేను మీటరు పెట్టి చూశాను. గాలి నిండుగా ఉంది.

"గాలి బరాబర్ ఉన్నది డాక్టరమ్మా. లైటుదే ఏదో తకరారు."

"అలా అంటే ఎలాగండీ? ఐసీయూలో మానిటర్ ఎర్రగా కొట్టుకుంటుంటే, పేషెంటు మొహం కళగానే ఉందిలే అని వదిలేస్తామా?"

 ఆవిడ తృప్తి కోసం ఇంకొంచెం గాలి పట్టాను.

రెండోసారి వచ్చినప్పుడు ఫిర్యాదు పెరిగింది. బ్రేకు తొక్కితే బండి ఒక పక్కకి లాగుతోందట.  నా బ్రేకు లాగడమా? మళ్ళీ విప్పాను, కడిగాను, కొలిచాను, బిగించాను. ఏ లోపమూ లేదు. ముందు ఎడమ టైరు మీద చెయ్యి వేస్తే రాయిలా ఉంది. ఆరా తీస్తే తెలిసింది. లైటు ఎర్రగా కనబడినప్పుడల్లా ఆవిడ పెట్రోలు బంకులో ఆగి గాలి పట్టిస్తోంది. బంకువాడు నిండుగా ఉందంటాడు, ఆవిడ తెర చూపిస్తుంది, వాడు తెరకు దణ్ణం పెట్టి ఇంకాస్త కొడతాడు. నేను గాలి తీశాను. మూడు రోజులకు బంకువాడు మళ్ళీ పట్టాడు. ఆ టైరు మా ఇద్దరి మధ్యా ఊపిరి పీలుస్తూ వదులుతూ ఉండేది.

మూడోసారి శేఠ్ స్వయంగా వచ్చి నిలబడ్డాడు. అందరి ముందూ నన్ను పిలిచి, "ఉస్తాద్, చౌథీ బార్ యే గాడీ ఆయీ, తో తుమ్ వాషింగ్ మే. బ్రేక్ కో హాథ్ నహీ లగానా," అన్నాడు. నాలుగోసారి ఈ బండి వస్తే నువ్వు బండ్లు కడిగే చోటికి, బ్రేకు ముట్టకూడదు అని. నాకు రిటైర్ కావడానికి ఏడాదిన్నర ఉంది. ముప్పై ఏళ్ళు ఉస్తాద్ అనిపించుకుని, చివరికి రబ్బరు పైపు పట్టుకుని బురద కడుగుతూ సెలవు తీసుకోవాలా? భయపడ్డాను. దాచుకోవడానికేముంది.

ఆ టైరు విప్పి నీళ్ళ తొట్టిలో ముంచాం. ఒక్క బుడగ రాలేదు. వాల్వు మార్చాం. ఎరుపు పోలేదు. అప్పుడు మా ఎలక్ట్రీషియన్‌కి బుద్ధి వికసించింది.

"అన్నా, సెన్సర్ పాగలైంది. కొత్తది వచ్చేదాంక ఒక కత చేద్దాం. దాన్ని టైర్లకెల్లి తీసి, ప్లాస్టిక్ పైపుల ఏసి, రెండు దిక్కుల మూతలు బిగించి, గాలి కొట్టి డిక్కీల పెడదాం. పైపుల గాలి యాడికి పోతది? సెన్సర్ కుషీ, బండి కుషీ, డాక్టరమ్మ కుషీ."

వినడానికి వెర్రిగా ఉంది గానీ, నా మెడ మీద వాషింగ్ కత్తి వేలాడుతోంది. సరేనన్నాను. మూరెడు పైపు, రెండు మూతలు, ఒక మూతకు వాల్వు. లోపల సెన్సర్. టైరుకు ఉన్నంత గాలి పైపుకూ పట్టి డిక్కీలో పడుకోబెట్టాం. సెన్సర్ లేని టైరుని యథాస్థానంలో బిగించాం. తెర చూస్తే ముందు ఎడమ చక్రం ఇంకా ఎర్రగానే ఉంది.

ఎలక్ట్రీషియన్ గొంతు తగ్గించాడు. "అన్నా, గిదేంది? చక్రంల సెన్సర్ లేదు. లేని సెన్సర్ గాలి లేదని చెప్తున్నది."

"జర దూరం నడిస్తే పోతది తమ్మీ," అన్నాను. అలా ఎందుకన్నానో నాకూ తెలీదు. డాక్టరమ్మకూ అదే చెప్పి పంపించాం.

నాలుగో రాకకు నాలుగు రోజులే పట్టింది. ఆ పొద్దున మా ఇంట్లో పొయ్యి వెలగలేదు. వడోద్‌లో అద్దె గదుల సంగతి మీకు తెలిసే ఉంటుంది, పదకొండు నెలలు నిండకముందే యజమాని మనల్ని ఇంకో గదికి తోలేస్తాడు. మేము ఆ మధ్యే రెండు వీధుల అవతలికి మారాం. సిలిండరు రాలేదని మా ఆవిడ ఫోను చేస్తే, ఎప్పుడో ఇచ్చేశాం అన్నారు గ్యాసువాళ్ళు.

"ఇచ్చిన్రు. మన పాత రూమ్లకు కొత్తగ వచ్చిన ఒడియాయనకు ఇచ్చిన్రు," అంది మా ఆవిడ, నానేసిన అటుకులు నా ముందుకు తోస్తూ. "గాయన రెండు సిలిండర్లు పెట్టుకొని కూసున్నడు. మనం గిట్ల అటుకులు బుక్కుతున్నం. సామాన్లు మోసుడొక్కటే కాదయ్యా, మారినమని గాళ్లకు చెప్పాలె. ఎవ్వలు చెప్తరు, పక్కింటోల్లా?"

అటుకులు తిని, తిట్లు తిని పనికి వెళ్ళాను. తొమ్మిదింటికల్లా ఎస్‌యూవీ గేటులో ఉంది. తెర మీద అదే ఎరుపు.

"నేను పదింటికి సచిన్‌లో ఉండాలండీ. అక్కడ క్యాంపు. పొద్దుట్నుంచీ జనం లైన్లో ఉంటారు," అంది డాక్టరమ్మ స్టీరింగు ముందు నుంచి దిగకుండానే. శేఠ్ నా వైపు చూసి, వాషింగ్ వైపు ఒకసారి చూశాడంతే. అప్పుడు ఎలక్ట్రీషియన్ డిక్కీలోంచి పైపు తీసి బల్ల మీద పెట్టాడు. పైపు కథ అప్పటిదాకా శేఠ్‌కు తెలీదు. ఇదేమిటని దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, వాల్వు కనబడగానే జేబులోంచి పెన్ను తీసి నొక్కాడు. బుస్సుమని గాలి పోయింది.

బండిలోంచి డాక్టరమ్మ కేక వేసింది. "అయ్యో! ఇప్పుడు వెనక ఎడమది కూడా ఎర్రబడిందండీ!"

ఎలక్ట్రీషియన్ మిషన్‌ని గుండెలకు హత్తుకున్నాడు. "అన్నా, దయ్యం పట్టింది బండికి! గాలి పైపుల పోతే, ఎన్క చక్రం ఏడుస్తున్నది!"

నేను అక్కడే నిలబడిపోయాను. నోట్లో ఇంకా అటుకుల చప్పదనం ఉంది. ఒడియాయన, రెండు సిలిండర్లు, మా ఆవిడ తిట్లు అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. ఈ పైపులో ఉన్న సెన్సర్‌ని మేము తీసింది ముందు ఎడమ చక్రంలోంచి. కానీ నేను మార్చకముందు ఆ చక్రం ఉండేది వెనక. బండికి ఆ సంగతి ఎవరు చెప్పారు? దాని లెక్కలో అదింకా వెనక చక్రమే. అలాగే, మూడు వారాలుగా ముందు ఎడమ, ముందు ఎడమ అని అది అరుస్తున్న చక్రం ముందు లేదు. వెనక ఉంది. నేనే పెట్టాను. బండి నిజమే చెబుతోంది, పాత చిరునామాతో చెబుతోంది. గాలి లేనిది ఒక ఇంట్లో, మేమంతా సిలిండర్లు మోసింది ఇంకో ఇంటికి.

ఒక్క క్షణం దురాలోచన వచ్చింది. నోరు మూసుకుని, ఏదో వంక పెట్టి బండి ఆపి, శేఠ్ భోజనానికి వెళ్ళాక చక్రాలు మళ్ళీ పాత చోట్లకు మార్చేస్తే అన్నీ సర్దుకుంటాయి. నా దొంగ పుణ్యం ఎవరికీ తెలీదు. కానీ డాక్టరమ్మ అప్పుడే గడియారం చూసుకుంటోంది. "పోనీ సాయంత్రం చూద్దురుగాని, నేను వెళతానండీ," అని బండి స్టార్టు చేసింది. సచిన్ దారిలో లారీల మధ్య, మూడు వారాలుగా ఎవరూ చెయ్యి వెయ్యని ఆ టైరు మీద ఆవిడ వెళుతుంది. 

"ఆపు డాక్టరమ్మా!" అని అరిచి వెనక ఎడమ టైరు దగ్గర మోకాళ్ళ మీద కూలబడ్డాను.

"ఉస్తాద్! వో కార్డ్ మే నహీ హై," అన్నాడు శేఠ్. అది కార్డులో లేదట.

"కార్డుల లేదు శేఠ్. తప్పు నాది," అని తెలుగులోనే అనేసి, తర్వాత హిందీలో మొత్తం కక్కేశాను. మీటరు పెడితే ఉండాల్సిన గాలిలో సగం కూడా లేదు. చూపుకు మాత్రం టైరు దర్జాగానే ఉంది, ఈ కాలపు టైర్లు ప్రాణం పోయేదాకా ముఖం వాడనివ్వవు. విప్పి చూస్తే లోపలి గోడ రబ్బరు నలిగి పొడిపొడిగా రాలుతోంది. ఇంకో పది కిలోమీటర్లు వెళ్ళి ఉంటే ఏమయ్యేదో ఇప్పటికీ నేను ఆలోచించను. 

డాక్టరమ్మ దిగి వచ్చి ఆ పొడిని వేలితో తీసి చూసింది. తిడుతుందనుకున్నాను.

"మా దగ్గరా ఒకసారి ఇలాగే అయిందండీ," అంది నెమ్మదిగా. "ఇద్దరు పేషెంట్లని బెడ్లు మార్చి, మానిటర్లో పేర్లు మార్చడం మర్చిపోయారు. ఒకాయనకి అలారం మోగుతుంటే పక్కాయనకి ఆక్సిజన్ పెట్టాం."

"ఏమైంది మరి?"

"పక్కాయన హాయిగా నిద్రపోయాడు. అసలాయన్ని నర్సు చూసింది కాబట్టి సరిపోయింది. మీరూ చూశారు. ఆలస్యమైనా చూశారు."

టైరులోంచి మేకు లాగాను. రెండంగుళాల పాత మేకు, తల మీద నీలం రంగు మరక. ముందు చక్రం మేకును లేపి నిలబెడుతుంది, వెనక చక్రం దాన్ని మింగుతుంది, ఇది మా పనిలో అందరికీ తెలిసిందే. మేకు శేఠ్ అరచేతిలో పెట్టాను. ఆయన దాని మీది నీలం మరక చూశాడు, మెడ వంచి బోర్డు వైపు చూశాడు. బోర్డు అంచుకు వేసిన రంగు అదే నీలం. మేకు ఊడిన మూలలో చిల్లు ఖాళీగా కనబడుతోంది.

"ఆ తో ఆపణీ ఖీలీ ఛే," అన్నాడు. ఇది మన మేకే.

ఎవరూ నవ్వలేదు. నవ్వు జాబ్ కార్డులో లేదు. ఎలక్ట్రీషియన్ మాత్రం మిషన్ వెనక మొహం దాచుకుని భుజాలు కదిలించాడు. ఆ రోజే స్పేరు టైరు వేసి, మిషన్‌తో నాలుగు చక్రాలకూ కొత్త చోట్లు నేర్పించి, పైపులోని సెన్సర్‌ని దాని ఇంటికి పంపాం. డాక్టరమ్మ ఆలస్యంగానైనా సచిన్ చేరింది. ఎరుపు మళ్ళీ రాలేదు. సాయంత్రం శేఠ్ తన పేరు మీద తనే ఒక జాబ్ కార్డు రాసుకుని, బోర్డు వంకర అని ఫిర్యాదు వేసి, నిచ్చెనెక్కి అదే మేకుతో దాన్ని సరిచేశాడు. కింద సంతకం కూడా పెట్టాడు.

మాట మాటే అని నన్ను పదిహేను రోజులు వాషింగ్‌కు పంపించాడు. వెళ్ళాను, తప్పు చేసినవాణ్ణి కదా. సిగ్గేసింది, రెండు రోజులు అన్నం సహించలేదు. రెండో వారంలో ఎస్‌యూవీ కడిగించుకోవడానికి వచ్చింది. జాబ్ కార్డు డాక్టరమ్మ స్వయంగా రాసి శేఠ్ చేతికిచ్చింది. అందులో, ఫిర్యాదేమీ లేదు, నాలుగు చక్రాలూ ఉస్తాద్ చెయ్యి వేసి చూడాలి అని ఉంది. శేఠ్ దాన్ని రెండుసార్లు చదివి, పైన తిన్నగా ఉన్న బోర్డుని అలవాటు కొద్దీ మెడ వంచి చూసి, నాకు కార్డు అందించాడు. తడి చేతులతో నాలుగు టైర్లూ తడిమి చూశాను. నా కళ్ళూ తడిశాయి. పైపు నీళ్ళు పడ్డాయని చెప్పాను.

అదీ సంగతి. కుర్రాళ్ళకు నేను చెప్పాలనుకున్నది ఇంతే. దేన్ని మార్చినా, మార్చామని చెప్పండి. బండికీ చెప్పండి, పక్కవాడికీ చెప్పండి. మంచి చేసినా సరే, దొంగచాటుగా చేయకండి.

ఇక ఉపన్యాసానికి ఎందుకు వెళ్ళలేదంటే, ఆహ్వానం నాకు అందలేదు. సభ అయిపోయిన ఎనిమిది రోజులకు, ఆ పాత ఒడియాయన కూరగాయల బజారులో కనబడి నలిగిన కవరు చేతిలో పెట్టాడు. గ్యారేజీ రిజిస్టరులో నేను ఎప్పుడో ఖాళీ చేసిన గది చిరునామా ఉందట. ఉత్తరం ఆ వీధిలో గది నుంచి గదికి తిరిగి, చివరికి అతని దగ్గర తేలింది. గ్యాసువాళ్ళకు ఆనాడే చెప్పాను. గ్యారేజీ వాళ్ళకు చెప్పడం మరిచాను. ఫోను చేయలేదా అంటారేమో, చేశారట. నేను వదిలేసిన నంబరు ఇప్పుడు ఎవరో మిఠాయి కొట్టాయనకు వచ్చింది. ఆయన మర్యాదస్తుడు, తప్పకుండా వస్తానని ఒప్పుకున్నాడట.

కవరు విప్పి మా ఆవిడకు చదివి వినిపించాను. ప్రసంగ విషయం, చక్రాలు మార్చిన తర్వాత సెన్సర్లకు కొత్త చోటు తెలియజేయడంలో జాగ్రత్తలు. వక్త, నేను. నా పేరు పక్కన నిపుణులు అని రాశారు.

ఆమె కడుపు పట్టుకుని గడప మీద కూలబడింది. ఎంతకీ నవ్వు ఆగక, చెంగుతో కళ్ళు తుడుచుకుంటూ అడిగింది.

"గా నిపుణుడు యాడుంటడో ఎవ్వలకన్న ఎరుకేనా అయ్యా?"